పుష్పయాగానికి పన్నెండు గంపలు

కల్యాణవల్లికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ఆమే నలుగురికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనిది ఇంకొకటుంది. తప్పు తనదేనని ఒప్పుకోవలసి వస్తే మాత్రం ఆమెకు నోరు పెగలదు. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పింది. ఎప్పుడైనా బోర్డు మీద తప్పు రాసి, పిల్లలు ఎత్తి చూపిస్తే, "మీరు చూస్తున్నారో నిద్రపోతున్నారో తెలుసుకుందామని అట్లా రాశాను" అనేదే తప్ప, గమ్మున చెరిపేసి ఊరుకునే రకం కాదు.

అట్లాంటి మనిషి, రిటైరైన మర్నాడే వీధి చివరి చక్రపాణిస్వామి గుడికి వెళ్లి, నందనవనం తాళంచెవి అడిగి తెచ్చుకుంది. తిరుపతిలో అంతంత గోపురాల మధ్య ఈ చిన్న గుడి ఎవరి కంటా పడదు. కానీ దీని వెనకున్న పూలతోటను మాత్రం పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్లు. ముప్పాతిక ఎకరం కూడా ఉండదు. అందులోనే నందివర్ధనం, గన్నేరు, మందారం, రోజా, కనకాంబరం, మరువం, దవనం, రెండు పెద్ద మళ్ల నిండా తులసి. స్వామి మెడలోకి బజారు పువ్వు ఎక్కకుండా చూసుకోవడం కల్యాణవల్లి పంతం. నాలుగేళ్లుగా ఆ పంతం నెగ్గించుకుంటూనే వచ్చింది.

తోటలో ఆమెకు తోడు మునిరత్నమ్మ. ఐరాల దగ్గర పల్లెలో పుట్టి, పెళ్లయి తిరుపతి వచ్చిన మనిషి. పుట్టింట్లో వంగ, టమాటా, బీన్సు పండించిన చేతులు. గుడివాళ్లు తోటపనికి పెట్టుకున్నారు. కల్యాణవల్లి అరుస్తుంటే మునిరత్నమ్మ నవ్వుతుంది. మునిరత్నమ్మ నవ్వుతుంటే కల్యాణవల్లికి ఇంకాస్త ఒళ్లు మండుతుంది. అయినా ఒకరు రాని పూట రెండోవారికి చెయ్యి ఆడదు.

తోటలో కల్యాణవల్లి చేసిన పనులన్నింటిలోకీ గొప్పది తిరుమంజనం కాలువ. ప్రతి శుక్రవారం స్వామికి పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లతో అభిషేకం జరుగుతుంది. ఆ నీళ్లు పూర్వం గర్భగుడి వెనక తూములోంచి పడి, ప్రహరీ పక్కన నాలుగు కొబ్బరిచెట్ల మొదట్లో ఇంకిపోయేవి. "స్వామి ఒంటి మీదుగా జారిన తీర్థం కొబ్బరిచెట్ల పాలా? పూలచెట్లకు పోవద్దూ?" అని కల్యాణవల్లి మూడేళ్ల కిందట పట్టుబట్టి, తూము నుంచి పూలమళ్ల దాకా సిమెంటు కాలువ కట్టించింది. ధర్మకర్తల మండలి ఛైర్మన్ సంపత్కుమార్ సంతోషించి, కాలువ పక్కన ఆమె పేరు చెక్కిన పాలరాయి కూడా వేయించాడు. రోజూ ఆ రాయిని తడిగుడ్డతో తుడవనిదే ఆమెకు తోటపని మొదలయ్యేది కాదు.

ఈ ఏడు మార్గశిరం వెళ్లేసరికి తోటకు పిండిపురుగు పట్టింది. మొదట మందారం కొమ్మ చివర ఎవరో బియ్యప్పిండి చల్లినట్టు కనబడింది. వారం తిరిగేసరికి నందివర్ధనాలకు, ఇంకో వారానికి తులసికి పాకింది. ఆకులు ముడుచుకుపోయాయి, మొగ్గలు పుట్టినచోటే మాడిపోయాయి. దానికి తోడు రోజాలకు బూడిద తెగులు. షాపులో దొరికే పురుగుమందులు దేవుడి పూల మీద కొట్టడానికి వీల్లేదని కల్యాణవల్లి మొదటి రోజే చెప్పేసింది. నీళ్లు చిమ్మి చూసింది. వేపాకు ఉడికించి ఆ నీళ్లు కొట్టి చూసింది. పిండిపురుగు ఒంటి మీద మైనంలాంటి పొర ఉంటుంది కదా, నీళ్లు జారిపోయాయే గానీ పురుగు చెక్కు చెదరలేదు.

"ఇట్టాటి పురుగు మా ఊరి కాడ వంగతోటకు పడతాదమ్మా," అంది మునిరత్నమ్మ. "తెల్లగడ్డలు, పచ్చిమిరపకాయలు నూరి, వడగట్టి కొడితే సగం దిగిపోతాది."

"తెల్లగడ్డలా? దేవుడి తోటలో వెల్లుల్లా? నీకేమన్నా మతి పోయిందా మునిరత్నా!" కల్యాణవల్లి అగ్గిమీద గుగ్గిలమైంది. వాళ్లింట్లో మూడు తరాలుగా వెల్లుల్లి గడప దాటి లోపలికి రాలేదు. ఆమె దాన్ని చేత్తో ముట్టిందీ లేదు.

పుష్యం వచ్చింది. తులసి మడి సగం ఎండిపోయింది. చివరికి ఒక బుధవారం కల్యాణవల్లే మెత్తబడింది. "ఆకు మీద కొట్టి తర్వాత నీళ్లతో కడిగేస్తాం కదా, దోషమేముందిలే. మీ ఇంట్లోనే నూరి పట్టుకురా. ఎంత వెయ్యాలి?"

"పావు కేజీ సాలమ్మా."

"ఇంత తోటకు పావు కేజీనా? ఇదేమన్నా పులుసులోకి తాలింపా? రెండు కేజీలు నూరు."

"అంత వద్దు తల్లీ, నా మాటిను. అది యాడికీ పోదు, పట్టుకుంటే వదల్దు."

"సైన్సు చెప్పినదాన్ని నేను. నాకు చెప్పొచ్చినావు."

చెప్పొద్దూ, జీవితంలో వెల్లుల్లి ఒలవని మనిషి దాని కొలత చెప్పడం, రోజూ ఒలిచే మనిషి నోరు మూసుకోవడం, ఇట్లాంటి తప్పు ఆ తోటలో తప్ప ఇంకెక్కడా జరగదు. రెండు కేజీలూ నూరారు, కొట్టారు, శుక్రవారం కడిగారు. శనివారం తెల్లారి మాలకు తులసి కోశారు.

స్వామికి పోయే పువ్వును ముందుగా ఎవరూ వాసన చూడకూడదు. చూస్తే ఎంగిలి అయినట్టే లెక్క. అందుకని కోసేవాళ్లూ కట్టేవాళ్లూ మొహం పక్కకు తిప్పుకునే పని చేస్తారు. తోటంతా రెండు రోజులుగా అదే ఘాటు కాబట్టి ఈ ఇద్దరి ముక్కులూ ఎప్పుడో అలవాటు పడిపోయాయి. మాల బుట్టలో పెట్టి, తడిగుడ్డ కప్పి, అర్చకుడు హృషీకేశ్ చేతికిచ్చారు. అతను ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు, ఆచారం అంటే ప్రాణం. ఊపిరి బిగబట్టి మాల తీసుకెళ్లి స్వామికి వేసి, తెర వేసుకుని అర్చన మొదలుపెట్టాడు. గర్భగుడి చిన్నది. దీపాల వేడి. అరగంట తర్వాత తెర తీసేసరికి, వరసలో ముందు నిలబడ్డ సంపత్కుమార్ సహా అందరికీ ఒకేసారి తగిలింది. గుప్పుమని తగిలింది.

"ఎవురో లోపల ఊరగాయ తాలింపు పెడతా ఉండారు," అని వెనకనుంచి ఒకావిడ పైకే అనేసింది.

హృషీకేశ్ మొహం పాలిపోయింది. "మామీ," అన్నాడు కల్యాణవల్లిని చూసి. "ఈ తులసికి ఏం చేశారు మామీ?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. గుడి మూశారు. మాల తీసేసి, స్వామికి మళ్లీ అభిషేకం చేసి, పుణ్యాహం చెప్పి, మళ్లీ దర్శనం మొదలుపెట్టేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఎండలో నిలబడ్డ భక్తులంతా ఆ కారణాన్ని ఒకరి చెవిన ఒకరు వేసుకున్నారు. కొందరు నవ్వారు, కొందరు లెంపలేసుకున్నారు.

సాయంత్రం సంపత్కుమార్ ఆఫీసు గదికి పిలిపించాడు. చెడ్డవాడు కాడు, కానీ విసిగిపోయాడు. "కల్యాణమ్మగారూ, మీరంటే మాకు గౌరవం. కానీ ఆ తోటలో ఇప్పుడు పువ్వులకంటే పురుగులే జాస్తిగా ఉండాయి. భక్తులు బండ్లు పెట్టుకోను చోటు లేదు. ఆడ షెడ్డు వేద్దామని రెండేళ్లుగా అనుకుంటానే ఉండాము. మీ మొహం చూసి ఆగినాము." ఆగి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఫాల్గుణంలో పుష్పయాగం ఉండాది. ఆ రోజు స్వామి రొమ్ము దాకా పూలు పొయ్యాల. పన్నెండు గంపలు కావాల. మన తోటలోంచి ఆ పన్నెండూ వస్తే తోట ఉంటుంది. రాలేదంటే మర్నాడు జేసీబీ వస్తాది."

అప్పటికి తోటలో దొరికే పూలన్నీ కలిపినా గంపన్నర. పుష్పయాగానికి ఏడు వారాలుంది.

కల్యాణవల్లి లేచి వచ్చేసింది. తోట గుమ్మంలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మునిరత్నమ్మ పక్కన కూర్చుంది. ఏడుపు తగ్గాక అడిగింది.

"కుంకుడుకాయలు ఉండాయా మీ ఇంట్లో?"

"ఉన్నాయి. ఎందుకు?"

"పురుగు ఒంటికి జిడ్డు ఉండాదని నువ్వే కదా చెప్పినావు. మన తలకు జిడ్డుంటే ఏం పెట్టుకుంటాము?"

కల్యాణవల్లి కళ్లు తుడుచుకుని ఆమెకేసి చూసింది. ఇంత తేలికైన సంగతి తనకెందుకు తట్టలేదని లోపల్లోపల తిట్టుకుంది. పైకి మాత్రం, "నేనూ అదే అనుకుంటున్నా," అంది.

రాత్రంతా నానబెట్టిన కుంకుళ్లు పిసికి, నురగ రసం వడగట్టి, పది లీటర్ల నీళ్లకు గరిటెడు వేపనూనె కలిపారు. బాగా తెల్లబారిన కొమ్మలను కత్తిరించి వేడినీళ్ల బక్కెట్లో వేశారు. ఎండ దిగాక ఆకు అడుగు పక్క తడిసేటట్టు కొట్టారు. మూడో రోజుకు పిండి కరిగిపోయి, కొమ్మలు పచ్చగా బయటపడ్డాయి. కల్యాణవల్లికి ప్రాణం లేచొచ్చింది. మునిరత్నమ్మకు టిఫిను డబ్బాలో చక్కెరపొంగలి పెట్టుకొచ్చింది.

వారం తిరక్కుండా పురుగు మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టారు. పోయింది. మళ్లీ వచ్చింది. రెండు వారాలు ఇట్లాగే గడిచిపోయాయి. నాలుగు మొగ్గలు వేస్తే మూడు మాడుతున్నాయి. ఇంక ఉన్నది ఐదు వారాలు.

ఒక శుక్రవారం పూట మునిరత్నమ్మ చేతిలో పని వదిలేసి, నందివర్ధనం మొదట్లో గొంతుకూర్చుని కదలకుండా చూస్తోంది. కల్యాణవల్లికి చిర్రెత్తుకొచ్చింది. "ఏమే, నిద్రపోతున్నావా? అట్లా చేతులు ముడుచుకు కూర్చుంటే పూలు పూస్తాయా?"

"గమ్మునుండు తల్లీ. ఇట్ల వచ్చి సూడు."

చూసింది. చెట్టు మాను మీద నల్లచీమల బారు. పైకి పోయేవి పోతున్నాయి, దిగేవి దిగుతున్నాయి. పైకి పోయే చీమల్లో ఒకదాని నోట్లో తెల్లగా, నలుసంత పిండిపురుగు పిల్ల. దాని వెనక ఇంకొకటి, దాని నోట్లోనూ ఇంకో పిల్ల.

"మనం కడిగేది కడగతానే ఉండాము, ఇవి కొత్తగా తెచ్చి పెడతానే ఉండాయి," అంది మునిరత్నమ్మ. "సంకనేసుకోని పోతా ఉండాయి సూడు, కన్నతల్లుల మాదిరి. మా నాయన చెప్పేవాడు. పిండిపురుగు ఒంట్లోంచి తియ్యని జిగురు కారతాది. దానికోసం చీమ దాన్ని ఆవును మేపినట్టు మేపతాది."

పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది ఈ పాఠం! చీమలు, పురుగులు, పరస్పర సహకారం. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం కళ్లెదుట నడుస్తుంటే చూడలేకపోయింది. కల్యాణవల్లికి సిగ్గేసింది.

"ఇన్ని చీమలు ఎక్కడినుంచి వచ్చాయే?"

ఇద్దరూ చీమల బారు పట్టుకుని వెనక్కు నడిచారు. నందివర్ధనం నుంచి తులసిమడి గట్టుకు, గట్టు నుంచి మరువం పక్కగా. ఒక్క బారు కాదు, తోట నలుమూలలనుంచీ బార్లు వచ్చి ఒకచోటే కలుస్తున్నాయి. ఆ చోటు సిమెంటు కాలువ. కాలువ రెండు అంచులూ నల్లగా కదులుతున్నాయి. అప్పుడే లోపల తిరుమంజనం అయింది. తూములోంచి తెల్లటి నీళ్లు సన్నగా పారి వస్తున్నాయి.

కల్యాణవల్లి తూము దగ్గర వంగి, అరచెయ్యి పట్టింది. అలవాటు కొద్దీ తీర్థమే కదా అని నాలుకకు తాకించుకుంది. తియ్యగా ఉంది. పాలు, తేనె, కొబ్బరినీళ్లు. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం చీమలకు విందు పెట్టింది తనే. పక్కనే పాలరాయి మీద తన పేరు పొద్దున తుడిచిన తడి ఆరకుండా మెరుస్తోంది.

మునిరత్నమ్మకు విషయం అర్థమైంది గానీ, ఏమీ ఎరగనట్టు కొంగుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయింది.

"పలుగు తీసుకురా," అంది కల్యాణవల్లి చివరికి.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి తూము దగ్గర కాలువ పగలగొట్టారు. నీళ్లను పాత దారినే కొబ్బరిచెట్ల మొదళ్లకు మళ్లించారు. దేవుడి నీళ్లు మురుగులో కలవవు, ఎవరి కాలి కిందా పడవు. ఆ కొబ్బరిచెట్లు బాగా ఎత్తు పెరిగినవి, చీమలొచ్చినా వాటిని ఏమీ చేయలేవు. మర్నాడు హృషీకేశ్ అడిగితే, "కాలువ పగిలిపోయిందయ్యా, సిమెంటు నాసిరకం," అంది కల్యాణవల్లి, కన్నార్పకుండా. మునిరత్నమ్మ గిరుక్కున అటు తిరిగి దగ్గు తెచ్చుకుంది.

"ఆ పేరు రాయి ఏం జేద్దామమ్మా?" అని అడిగింది తర్వాత.

"బోర్లా తిప్పు. కుంకుళ్లు దంచుకోవడానికి బాగుంటుంది."

ఇంక అక్కడినుంచి ఆ ఇద్దరు ఆడవాళ్లూ చేసిన పని చూడాలి! గుడి వంటశాల మడపల్లిలో కట్టెల పొయ్యి బూడిదను జల్లించి, పసుపు కలిపి, తులసి మళ్ల చుట్టూ గీతలాగా చల్లారు. పొద్దున మంచుకు అది తడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ చల్లారు. పాత పంచెలు పీలికలుగా చింపి, ఆముదంలో ముంచి, నందివర్ధనం, మందారం, గన్నేరు మాన్ల చుట్టూ కట్టారు. చీమ ఆ జిడ్డు దాటలేక వెనక్కు తిరిగిపోతుంటే కల్యాణవల్లి చప్పట్లు కొట్టింది. రోజాల బూడిద తెగులుకు మూడు రోజులు పులిసిన మజ్జిగలో ఇంగువ పలుకు కరిగించి, పదింతల నీళ్లు కలిపి కొట్టారు. ఇంగువ స్వామి పులిహోరలో పడేదే కదా, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. అయినా వెల్లుల్లి దెబ్బ తిన్న మనిషికి భయం పోలేదు. పువ్వుకు వాసన పడుతోందో లేదో ఎట్లా తెలియాలి? కోసిన పువ్వు వాసన చూడకూడదాయె!

దానికీ దారి దొరికింది. నేల రాలిన పువ్వు స్వామికి పనికిరాదు. పనికిరాని పువ్వు వాసన చూస్తే తప్పేముంది? రోజూ తెల్లవారగానే కల్యాణవల్లి రాలిన రోజాలు, నందివర్ధనాలు ఏరి, ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. కాస్త ఇంగువ తగిలితే ఆ రోజు మజ్జిగ బంద్, వట్టి నీళ్లే. ఈ పరీక్షను హృషీకేశ్ కూడా వచ్చి చూశాడు. తనూ ఒక రాలిన పువ్వు అందుకుని, వాసన చూసి, "రోజా వాసనే వస్తోంది మామీ," అన్నాడు. శనివారం గొడవ తర్వాత అతను ఆమెతో నవ్వుతూ మాట్లాడింది అదే మొదటిసారి.

కాలువ పగలగొట్టిన మూడో వారంలో తోటకు కొత్త చుట్టాలొచ్చాయి. ఎర్రగా, గుండ్రంగా, వీపు మీద నల్లచుక్కలతో. కల్యాణవల్లి ఒకదాన్ని నలపబోతే మునిరత్నమ్మ చెయ్యి పట్టుకుంది. "అయ్యో తల్లీ! అక్షింతల పురుగులవి. పిండిపురుగును తినేటివి. ఇన్నాళ్లూ చీమలు కాపలా కాసి వీటిని తరిమేసినాయి. ఇప్పుడు కాపలావోళ్లు లేరు కదా, తింటా ఉండాయి సూడు!" నిజంగానే తింటున్నాయి. కుంకుడు రసానికి దొరక్కుండా ఆకు మడతల్లో దాక్కున్న వాటిని కూడా వెతికి మరీ తింటున్నాయి. కల్యాణవల్లి ఆ రోజునుంచి రసం కొట్టడం ఆపేసి, వాటి పని వాటికే వదిలేసింది.

తులసి చిగుళ్లు మడిని కప్పేశాయి. దవనం పాదాలకు తగిలితే చాలు గుప్పుమనేది. నందివర్ధనాలు తెల్లారేసరికి చెట్టంతా విచ్చుకునేవి. ఏళ్ల తరబడి మొండికేసిన ఎర్రగన్నేరు సైతం గుత్తులు గుత్తులుగా పూసింది. పుష్పయాగానికి ముందు రోజు ఇద్దరూ తోట చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. మునిరత్నమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. కల్యాణవల్లి "నీ లెక్కలు ఆపి గంపలు కడిగిపెట్టు," అని కసిరింది.

సంపత్కుమార్ ఎందుకైనా మంచిదని బజారు పూలకు ఆర్డరిచ్చాడు. పుష్పయాగం పొద్దున ఎనిమిదింటికి వ్యాను వచ్చి గుడి ముందు ఆగింది. అదే సమయానికి తోట గుమ్మంలోంచి మునిరత్నమ్మ తల మీద మొదటి గంప బయటికొచ్చింది. తులసి. దాని వెనక గుడి వీధి ఆడవాళ్లు వరసగా. రెండోది మరువం. మూడోది దవనం. నందివర్ధనం నాలుగు గంపలు. రోజాలు మూడు. మంటపంలో దించుతుంటే జనం పైకే లెక్కపెడుతున్నారు. "తొమ్మిది... పది... పదకొండు..." పన్నెండో గంప కనకాంబరాలు దిగగానే "గోవిందా!" అని ఎవరో అరిచారు, మంటపం మంటపమంతా అందుకుంది. వరస ఇంకా ఆగలేదు. పదమూడు. పద్నాలుగు. ఎర్రగన్నేరు ఒక్కటే రెండు గంపలు. అన్నీ దించేసరికి పద్దెనిమిది. కల్యాణవల్లి స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఆనందం పట్టలేక.

హృషీకేశ్ గంపలన్నీ చూసి వ్యానువాడితో, "ఆ పూలు ద్వారాలకు కట్టెయ్యండి. స్వామికి మన తోటవే," అన్నాడు.

గంటన్నర సేపు మంత్రం మంత్రానికీ దోసిళ్లకొద్దీ పూలు పడ్డాయి. పాదాలు మునిగాయి, మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. చివరికి స్వామి మొహం, శంఖచక్రాలు తప్ప ఏమీ కనబడలేదు. గర్భగుడి నిండా తులసి, దవనం, రోజాల పరిమళం. వరసలో ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని పీల్చుకున్నారు.

హారతి అయ్యాక సంపత్కుమార్ మైకు పట్టుకున్నాడు. "పన్నెండు అడిగినాము. పద్దెనిమిది ఇచ్చినారు. షెడ్డు మాట ఇంక ఎవురూ ఎత్తరు. తోట తోటగానే ఉంటుంది." చప్పట్లు మోగాయి. అతను చెయ్యెత్తి ఆపాడు. "దీనికంతా కారణం కల్యాణమ్మగారి భక్తి. మూడేళ్ల కిందట స్వామి తిరుమంజనం నీళ్లు పూలచెట్లకు మళ్లించింది ఆమే. ఆ పుణ్యమే ఈ రోజు పండింది. ఆ కాలువ ఈ మధ్య పగిలిందంట. రేపే మేస్త్రీని పెట్టి, ఈసారి గట్టిగా కట్టిస్తాను."

పక్కనున్న మునిరత్నమ్మ కల్యాణవల్లి మోచెయ్యి పట్టుకుంది. ఊరుకుంటే మర్యాద దక్కుతుంది, రేపటినుంచి తోటకు మళ్లీ చీమలు. నోరు తెరిస్తే ఇంతమందిలో, ఇన్నేళ్ల పరువు. సంపత్కుమార్ మైకు ఆమె చేతికిచ్చాడు, రెండు మాటలు చెప్పమని.

"ఆ కాలువ కట్టకండి," అంది. గొంతు మైకులో మరీ పెద్దగా వినబడి ఆమే ఉలిక్కిపడింది. "పురుగును తెచ్చిపెట్టింది ఆ కాలువే. పాలు, తేనె పారితే చీమలొచ్చాయి, చీమలు పిండిపురుగును మోసుకొచ్చాయి. ఆ కాలువ కట్టించింది నేను. తప్పు నాది." ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. "అది పగిలిపోలేదు. నేనే పగలగొట్టాను. హృషీకేశ్ భట్టరుగారికి అబద్ధం చెప్పాను. వెల్లుల్లి రెండు కేజీలు వెయ్యమన్నదీ నేనే, ఈమె పావు కేజీ చాలంది. చీమల్ని కనిపెట్టింది ఈమె. అక్షింతల పురుగుల్ని కాపాడింది ఈమె. నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈమె నాకు చెప్పింది." మునిరత్నమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది.

మునిరత్నమ్మ తల దించుకుని, "ఇంతమందిలో ఇదంతా ఎందుకమ్మా," అని గొణిగింది. కల్యాణవల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల దించలేదు. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఈ మాట ఎన్నడో అని ఉండేదే.

హృషీకేశ్ లోపలినుంచి శఠగోపం తెచ్చాడు. ముందు మునిరత్నమ్మ తల మీద, తర్వాత కల్యాణవల్లి తల మీద పెట్టాడు. మొదటి మర్యాద ఛైర్మనుదే కదా అని ఎవరూ అనలేదు, ఛైర్మను కూడా.

అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి ఒక గొంతు వినబడింది. "ఏమ్మా, మా ఇంట్లో తులసి కూడా ఇట్లాగే తెల్లగా అయిపోయి చచ్చిపోయింది. నేను రోజూ కోటలో పాలు పోస్తా. అందుకేనా?"

"నేను చక్కెర నీళ్లు పోస్తా," అంది ఇంకొకావిడ.

"నైవేద్యం పెట్టిన బెల్లం మొదట్లోనే వేస్తాం మేము!"

కల్యాణవల్లి మైకు మునిరత్నమ్మ నోటి దగ్గర పెట్టింది. ఆమె ఒక్క క్షణం బెదిరింది. తర్వాత తోటలో మాట్లాడినట్టే మాట్లాడింది. "తులసమ్మకు పాలు వద్దు, బెల్లం వద్దు. దణ్ణం పెట్టి మంచినీళ్లు పోయండి, సాలు. పిండి పట్టిన కొమ్మ కత్తిరించి పారేయండి. కుంకుడు రసంతో ఆకు అడుగున కడగండి. కోట చుట్టూ బూడిద సల్లండి. ఎర్రపురుగు వస్తే సంపొద్దు." ఆడవాళ్లు కొందరు ఫోన్లు తీసి రికార్డు చేసుకుంటున్నారు. ఒకావిడ వెనక్కు తిరిగి కోడలితో, "విన్నావా, పాలు పొయ్యొద్దంటే నా మీద ఎగిరినావే!" అంది. జనం గొల్లుమన్నారు.

సంపత్కుమార్ గొంతు సవరించుకున్నాడు. మొహమాటంగా మునిరత్నమ్మ దగ్గరికి జరిగి, మైకుకు అందకుండా అడగబోయాడు గానీ, మైకు ఇంకా ఆమె నోటి దగ్గరే ఉంది.

"మునిరత్నమ్మా, మా ఇంట్లో తులసి మూడుసార్లు నాటినాము, మూడుసార్లూ పోయింది. మా అమ్మ రోజూ కోటలో పంచామృతం పోస్తాది. నేనే తెచ్చిస్తా. మందారానికీ అదే జబ్బు పట్టింది. తోటలో మాన్లకు కట్టినారే, ఆ ఆముదం పీలికలు ఎట్ల కట్టాలో రవంత చెప్తావా?"

ఆ మాట నాలుగు స్పీకర్లలోనూ వినబడింది. మంటపమంతా పగలబడి నవ్వింది, సంపత్కుమార్ కూడా తలకొట్టుకుని నవ్వాడు. మునిరత్నమ్మ ఈసారి మొహం తిప్పుకోలేదు.

"రేపు పొద్దన్నే తోటకు రండి సామీ," అంది. "పీలికలు నేనిస్తా. ఆముదం మీరు తెచ్చుకోండి."